చివరి వరుస దాకా చేరే మాట: హాలులో డిజిటల్ ఆడియో ప్రాసెసర్ అమరిక

హాలులో శాశ్వతంగా బిగించిన సౌండ్ సిస్టమ్‌లో మిక్సర్‌కూ ఆంప్లిఫయర్లకూ నడుమ ఉండే పరికరం డిజిటల్ ఆడియో ప్రాసెసర్. మైకు నుంచి వచ్చిన సంకేతాన్ని అది సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఏ స్పీకరుకు బాస్ ఎంత, ట్రెబుల్ ఎంత, ఏ బలంతో, ఎంత ఆలస్యంగా వెళ్లాలో ఆ అంకెల మీదే లెక్క కట్టి, మళ్లీ విద్యుత్ సంకేతంగా మార్చి ఆంప్లిఫయర్లకు పంపుతుంది.

సికింద్రాబాద్ నేరేడ్‌మెట్‌లో ఇళ్లూ ఫంక్షన్ హాళ్లూ ప్రార్థనా మందిరాలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. అలాంటి చోట ఈ పరికరం మీద రెండు బాధ్యతలుంటాయి. పలికిన మాట చివరి కుర్చీ దాకా స్పష్టంగా చేరాలి. ప్రహరీ దాటి పక్కింటి నిద్ర చెడగొట్టకూడదు. శబ్దం పెంచినంత మాత్రాన స్పష్టత పెరగదని గ్రహించి, ఒక వరుసలో పని చేస్తే రెండూ నెరవేరతాయి.

ముందు హాలు

గ్రానైట్ నేల, సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. మాట ఆగినా దాని మోత గదిలో తిరుగుతూనే ఉంటుంది. ఆ మోత 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయాన్ని లెక్కగట్టే సూత్రాన్ని హార్వర్డ్ ఆచార్యుడు వాలస్ సబైన్ 1890ల చివర్లో కనిపెట్టాడు. ఘనపు మీటర్లలో కొలిచిన గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే మొత్తం విస్తీర్ణంతో భాగించాలి.

20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తున్న హాలు ఘనపరిమాణం 1,440 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిసి 864 చదరపు మీటర్లు. అవి సగటున 4 శాతం శబ్దాన్నే పీలిస్తే ఖాళీ హాలులో మోత ఆరున్నర సెకన్లకు పైనే నిలుస్తుంది. 300 మంది కూర్చుని, ఒక్కొక్కరూ 0.45 చదరపు మీటరుకు సమానంగా పీల్చుకుంటే అది 1.4 సెకన్ల దగ్గరికి దిగుతుంది. ప్రసంగానికి ఒక సెకను దరిదాపుల్లో ఉండటం మేలు. ఖాళీ హాలులో చేసిన అమరికను జనం నిండాక మళ్లీ విని సరిచూడాల్సింది ఇందుకే.

తెలుగుకు ఈ మోత మరింత చేటు. మన మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి. అచ్చుల్లో బలం ఎక్కువ. వాటి మోత మీద పడి తరవాతి హల్లు మునిగిపోతుంది. పాట, బాట, మాట ఒకేలా వినిపిస్తాయి. మోతను ప్రాసెసర్ తీసేయలేదు. దాన్ని తగ్గించేవి వెనక గోడకు మందపాటి తెరలు, కప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు, జనం వైపే తిరిగిన స్పీకర్లు.

స్థాయిలు, విభజన, రక్షణ

మైకు నుంచి ఆంప్లిఫయర్ దాకా సంకేతం ఎక్కడా మరీ బలహీనపడకూడదు, హద్దూ దాటకూడదు. మామూలు మాటకు ప్రాసెసర్ మీటరు గరిష్ఠానికి 18 నుంచి 20 డెసిబెల్స్ దిగువన ఉంటే, వక్త ఉన్నట్టుండి గొంతు పెంచినా ఇబ్బంది రాదు. గరిష్ఠం దాటితే సంకేతం తల తెగి, గరగర పుడుతుంది. దాన్ని తరవాతి ఏ మీటా బాగుచేయలేదు.

ఆ తరవాత క్రాసోవర్. దాదాపు 100 హెర్ట్జ్‌కు దిగువనున్న బరువైన ధ్వని బాస్ బాక్సులకు, పైది ప్రధాన స్పీకర్లకు వెళ్లేలా విడదీస్తారు. ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున తగ్గించే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్ ఇందుకు బాగా వాడుకలో ఉంది.

స్పీకరు కాలిపోకుండా కాపాడేది లిమిటర్. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే స్పీకరు భరించే వోల్టేజీ వస్తుంది. 200 వాట్లు, 8 ఓమ్‌ల స్పీకరుకు అది 40 వోల్టులు. ఆంప్లిఫయర్ అంతకు మించి ఇవ్వకుండా లిమిటర్ హద్దు పెట్టాలి.

ఆలస్యం

వెచ్చని గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. తీగలో సంకేతానికి పట్టే సమయం లెక్కలోకి రాదు. వేదిక స్పీకర్లకు 12 మీటర్ల వెనక మరో జత ఉంటే, అక్కడి శ్రోతకు దగ్గరి స్పీకరు మాట ముందూ, వేదిక మాట 34 మిల్లీసెకన్ల తరవాతా చేరతాయి. మాట చెదురుతుంది. అందుకని వెనక జతకు 34 మిల్లీసెకన్ల ఆలస్యమిచ్చి, మరో 10 కలుపుతారు. ముందు చేరిన ధ్వని వచ్చిన దిక్కునే చెవి నమ్ముతుందనీ, కొద్ది మిల్లీసెకన్ల వెనక వచ్చినది కాస్త గట్టిగా ఉన్నా రెండూ ఒక్కటిగానే వినిపిస్తాయనీ హెల్ముట్ హాస్ 1949లో చూపాడు. ఆ అదనపు 10 వల్ల వెనక కూర్చున్నవారికీ మాట వేదిక మీది మనిషి నుంచే వస్తున్నట్టుంటుంది.

ఈక్వలైజర్, మైకు కూత

బాస్, ట్రెబుల్ పాళ్లను సవరించే ఈక్వలైజర్ వంతు వీటన్నిటి తరవాతే. స్పీకర్ల నుంచి పింక్ నాయిస్ అనే పరీక్ష ధ్వనిని పంపి, కొలత మైకును ఐదారు కుర్చీల దగ్గర ఉంచి, సగటు చూసుకోవాలి. ఎక్కువైన చోట తగ్గించడమే మంచిది. లోతుగా పడిన చోట పెంచితే ఆంప్లిఫయర్‌కు భారం తప్ప ఫలితం ఉండదు. మాట మైకులకు 100 హెర్ట్జ్ కింది భాగం తీసేస్తే గుమ్మనే చప్పుడు తగ్గుతుంది. హల్లులు తేటపడేది 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో, దాన్ని కాపాడుకోవాలి.

స్పీకరు ధ్వని మళ్లీ మైకులో దూరితే కూత పుడుతుంది. మైకును నోటికి సగం దూరానికి తెస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మిగిలే వెసులుబాటు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పనిలేని మైకులను మూసే ఆటోమిక్సర్ ఇక్కడ అక్కరకొస్తుంది.

పెళ్లిలో పరీక్ష కఠినం. పురోహితుడి మంత్రం సన్నగా నడుస్తుండగా జీలకర్రబెల్లం వేళ గట్టిమేళం అందుకుంటుంది. డోలు మోత మంత్రం మైకులోనూ దూరుతుంది. అందుకే ఆ మైకుకు ఉన్నట్టుండి పెరిగే ధ్వనిని అణిచే కంప్రెసర్ పెట్టి, పెళ్లికీ సభకూ ప్రార్థనకూ వేర్వేరు అమరికలు భద్రపరచాలి.

ప్రహరీ దగ్గర కొలత

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55, రాత్రి 45 డెసిబెల్స్. ప్రైవేటు స్థలంలోని సౌండ్ సిస్టమ్ సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద ఉన్న నిషేధం నుంచి మూసిన హాళ్లలో లోపలి వాడకానికి మినహాయింపు ఉన్నా, సరిహద్దు దగ్గరి పరిమితి అప్పుడూ వర్తిస్తుంది. గోడలను సులువుగా దాటేది బాస్ కాబట్టి రాత్రి అమరికలో దాన్ని ముందు తగ్గించాలి. ప్రహరీ దగ్గర మీటరుతో కొలిచి, అక్కడ సరిపోయిన స్థాయి దగ్గరే గరిష్ఠాన్ని పాస్‌వర్డ్‌తో బిగించాలి.

చివరి పరీక్షకు మనిషి చెవే కావాలి. వేదిక మీద ఒకరు విడివిడి మాటలు చదవాలి, వెనక వరుసలో ఒకరు విన్నది విన్నట్టు రాయాలి. తప్పులు ఎక్కువైతే వాల్యూమ్ పెంచకుండా స్పీకరు దిశ, ఆలస్యం, ఈక్వలైజర్ వరుసగా మళ్లీ చూడాలి. అంతా కుదిరాక అమరిక ఫైలు నకలును, ప్రతి మీట విలువ రాసిన కాగితాన్ని హాలు యాజమాన్యానికి అప్పగించాలి. ఆపరేటర్ మారినా, పెట్టె చెడి కొత్తది తెచ్చినా, చివరి వరుసకు అందిన స్పష్టత వాటి సాయంతో మళ్లీ నిలబడుతుంది.