తోరణముపైకి తీగ ఎట్లు ప్రాకును?

తోటలో పందిరి వేసి, దాని ద్వారమున ఇనుపగొట్టమును విల్లువలె వంచి నిలిపి, మొదట ఒక పూలతీగను నాటినంతమాత్రమున తోరణము ఏర్పడదు. ఆ తీగ ప్రాకు తీరు ఎట్టిదో ముందు తెలిసికొనవలెను.

మన పెరటి కాకరపాదును చూడుడు. దాని నులితీగలు గాలిలో మెల్లగా తిరుగుచు ఆధారమును వెదకును. పుల్ల తగిలినచో, తగిలిన ప్రక్కకంటె ఆవలిప్రక్క ఎక్కువగా పెరుగుటచే నులితీగ దానిని చుట్టుకొనును. పిదప నడిమిభాగము చుట్లుపడి కాండమును దగ్గరకు లాగును. ఈ చుట్లలో కొన్ని ఒకవైపునకు, కొన్ని ఎదురువైపునకు తిరిగియుండుటను ఛార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన వ్యాసమున వివరించినాడు. రెండు కొనలును కట్టుబడిన త్రాడును మెలిపెట్టి చూచినచో కారణము మీకే బోధపడును. అయితే ఇంత నేర్పుగల నులితీగకు లావుపాటి గొట్టముపై పట్టు చిక్కదు. గొట్టమునకు సన్నని ఇనుపతీగల వల చుట్టవలెను.

శంఖుపుష్పమునకు నులితీగలు లేవు. కాండమే ఆధారమును పెనవేసికొనును. బోగన్‌విలియాకు ఈ రెండు విద్యలును రావు. ముండ్లను ప్రక్కచెట్లకు తగిలించి ఎగబ్రాకుట దాని స్వభావము. నున్నని గొట్టముపై ముండ్లేమి చేయగలవు? కావున దానిని మనమే కట్టవలెను. త్రాడు వదులుగా నుండవలెను. బిగించినచో కాండము లావెక్కినకొలది బెరడు కోసికొనిపోయి, ఆకులు తయారుచేసిన ఆహారము వేళ్లకు దిగదు.

సాయంకాలపు పరిమళము కోరువారికి రాధామనోహరము తగినది. దాని రాలిన ఆకుల తొడిమల మొదళ్లే గట్టిపడి కొక్కెములగును. పూవు సందెవేళ తెల్లగా విచ్చి, క్రమముగా గులాబివన్నెకు, పిదప ఎరుపునకు మారును. ఒకే గుత్తిలో మూడు రంగులును కానవచ్చును.