చివరి లంకె

బందరులో గొలుసు అనగానే ముందు గుర్తొచ్చేది మెడలోది. ఇక్కడి చిలకలపూడి రోల్డుగోల్డు నగ ఒక్కటైనా లేని ఇల్లు కృష్ణా జిల్లాలో వెతికినా దొరకదు. సన్నటి తీగను కమ్మీకి స్ప్రింగులా చుట్టి నిలువునా కోస్తే రింగులు వరసగా రాలతాయి. ఒక రింగు నోరు తెరిచి, ఇంకోదాన్ని అందులోకి ఎక్కించి, పట్టుకారుతో మూసి అతుకు వేస్తారు. ఆ అతుకు కంటికి కనపడకూడదు, చేతికి తగలకూడదు, ఊడి రాకూడదు. పని తెలిసినవాళ్ల చేతికి గొలుసిస్తే రంగు తర్వాత చూస్తారు, ముందు చూసేది అతుకే.

అదే ఊళ్లో, కోనేరు సెంటరులో ఓ పది నిమిషాలు నిలబడితే మన కళ్లముందు తిరిగేది ఇంకో రకం గొలుసు. నల్లగా, నూనె మట్టి కలిసి పేరుకుని, ఇంజిన్ నుంచి వెనక చక్రానికి వెళ్తూ ఉంటుంది. దానికీ అతుకుంది. మెకానిక్కులు చైన్ లాకు అంటారు. నూటికి పైగా లింకులున్న ఆ గొలుసులో మిగతావన్నీ కర్మాగారంలో మిషన్లు బిగించినవి. ఈ ఒక్క లింకు మాత్రం మన ఊళ్లో, మనకు తెలిసిన మనిషి చేత్తో మూసేది. బండి మీద కూర్చున్నవాళ్ల ప్రాణం ఆ ఒక్క లంకెలో ఉంటుందని నేను నమ్ముతాను. దాని సంగతి తెలియాలంటే గొలుసు పుట్టుక దగ్గర్నుంచి రావాలి.

లియొనార్డో డావిన్చీ రాతప్రతుల్లో ప్లేట్లతో కూర్చిన గొలుసుల బొమ్మలున్నాయి. అవి కాగితం మీదే ఉండిపోయాయి. 1829లో ఆంద్రే గాల్ అనే ఫ్రెంచి ఆయన ప్లేట్లూ పిన్నులతో చేసిన గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన అసలు వృత్తి పతకాలు చెక్కడం. అంటే యంత్రాల గొలుసు కూడా నగిషీ పని తెలిసిన చేతుల్లోంచే వచ్చిందన్నమాట. చిలకలపూడి గురించి రాస్తున్నప్పుడు ఈ సంగతి నాకు చాలా ఇష్టంగా గుర్తొస్తుంది. గాల్ గొలుసు బరువులు ఎత్తడానికి బాగా పనికొచ్చింది. వేగంగా తిప్పితే మాత్రం నిలవలేదు. పల్చటి ప్లేటు అంచు పిన్ను మీద కత్తిలా ఆనుతుంది. తిరిగినకొద్దీ రెండూ కోసుకుపోతాయి.

ఆ లోపం తీరింది ఇంగ్లండులోని మాంచెస్టరులో. స్విట్జర్లాండులో 1852లో పుట్టిన హాన్స్ రెనాల్డ్ 21 ఏళ్ల వయసులో, 1873లో, ఆ ఊరు చేరాడు. పక్కనే ఉన్న సాల్ఫర్డులో జేమ్స్ స్లేటర్ అనే ఆయన బట్టల మిల్లుల యంత్రాలకు గొలుసులు చేసేవాడు. ఆ వ్యాపారాన్ని 1879లో రెనాల్డ్ కొనుక్కున్నాడు. మరుసటి ఏడాదే, 1880లో, బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందాడు. ఇవాళ మన బళ్ల కింద తిరిగేది ఆ చైనే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మాంచెస్టరుకు బట్టల మిల్లులు ఎందుకొచ్చాయన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం బందరు రేవులో ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొట్టు తెరిచింది. మన అద్దకం బట్ట ఓడలెక్కి వెళ్లి అక్కడివాళ్లకు ఎంత నచ్చిందంటే, సొంత నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా, భారతదేశపు అద్దకం బట్టల మీద చట్టాలు తెచ్చారు. ఆ మరుగున వాళ్ల నూలు పరిశ్రమ పెరిగి, యంత్రాలు పుట్టి, వందేళ్లు దాటేసరికి మిల్లు బట్ట తిరిగి మన రేవుకే వచ్చి మన నేతను, మన అద్దకాన్ని దెబ్బతీసింది. ఆ మిల్లుల యంత్రాలు తిప్పడానికి తయారైన గొలుసు ఇవాళ పెడన నుంచి కలంకారీ బట్టల మూట వెనక కట్టుకుని బయల్దేరే బండిని లాగుతోంది. చరిత్ర మనకు చేసిన అన్యాయం దీనితో తీరిపోదు. గొలుసు మాత్రం మన పనికొచ్చింది.

రెనాల్డ్ చేసిన మార్పు చెప్పడానికి సులువే. లోపలి ప్లేట్లు రెండింటినీ ఒక చిన్న గొట్టంతో కలిపాడు. అది బుష్. పిన్ను ఆ గొట్టంలో తిరుగుతుంది. ప్లేటు అంచు మీద పడే బరువు గొట్టం పొడవంతా సర్దుకుంది. గొట్టం మీద వదులుగా ఇంకో గొట్టం తొడిగాడు. అది రోలర్. పళ్ల చక్రానికి తగిలేది ఈ రోలర్. రాసుకోకుండా దొర్లుతుంది కాబట్టి పళ్లు తొందరగా అరగవు. ఇంతే. దీని తర్వాత 1885లో స్టార్లీ అనే ఆయన తయారుచేసిన 'రోవర్' సైకిలు వెనక చక్రాన్ని గొలుసుతో తిప్పింది. ఆ నమూనాయే ఇప్పటికీ మనం తొక్కుతున్న సైకిలు. 1903లో రైట్ సోదరుల విమానం రెక్కల పంకాలను తిప్పినవి కూడా గొలుసులే. తొలినాళ్ల మోటారు సైకిళ్లు చాలావాటికి తోలు బెల్టు ఉండేది. వానకు తడిస్తే జారేది. అమెరికాలో 'ఇండియన్' కంపెనీ 1901లోనే గొలుసు వేసింది, తర్వాత మిగతావాళ్లూ ఆ దారికే వచ్చారు. మన దగ్గర 1960లో మద్రాసులో టీఐ డైమండ్ చైన్ మొదలైంది. రైట్ సోదరుల విమానానికి గొలుసులిచ్చిన అమెరికా డైమండ్ చైన్ కంపెనీయే అప్పుడు అందులో భాగస్వామి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక బైకు చైనన్నది పల్లెల్లో సైకిలు చైనంత మామూలు వస్తువైపోయింది.

ఈ మామూలు వస్తువు మోసేదెంతో లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. 100 సీసీ బండి మొదటి గేరులో బరువుతో కదిలేటప్పుడు చైను మీద పడే లాగుడు సుమారు 350 కిలోలు. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగైదు. అంత బరువూ ఒక్కో లింకులో పెన్సిలు కన్నా సన్నటి పిన్ను మీదే పడుతుంది. ఇక తిరగడం సంగతి. ఇంజిన్ దగ్గరి ముందు పళ్ల చక్రానికి 14 పళ్లు, వెనకదానికి 42 ఉన్నాయనుకుందాం. గొలుసు ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి లింకూ నాలుగుసార్లు మడత పడుతుంది: ముందు చక్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, వెనక చక్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. బందరులో బయల్దేరి పెడన మీదుగా గుడివాడ చేరేసరికి ఒక్కో లింకు 30 వేల సార్లకు పైగా మడత పడుతుంది. రోజూ వెళ్లి వచ్చేవాళ్లకు దీనికి రెట్టింపు.

చైను సాగింది అంటాం. ఉక్కు ప్లేటు సాగదు. పిన్నూ బుష్షూ అరిగి, మధ్య సందు పెరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా 100 లింకులకు 10 మిల్లీమీటర్లు. చైను మీద రాసుండే 428, 520 లాంటి అంకెల్లో మొదటిది పిన్నుకు పిన్నుకు మధ్య దూరం చెబుతుంది, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 4 అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. అలాంటి 20 లింకులు కొత్తలో 254 మిల్లీమీటర్లుంటాయి. అది 259కి చేరిందంటే ఆ చైను పని అయిపోయినట్టే.

మన డెల్టాలో ఆ రోజు తొందరగా వస్తుంది. నల్లరేగడి బురద ఎండి పొడై నూనెలో కలిస్తే సానరాయి మీద నూరినట్టే నూరుతుంది. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్లకు ఉప్పునీళ్లు తోడు. ఏటిమొగ దగ్గర పంటు మీద ఎదురుమొండికి దాటే బండికి ఉప్పుగాలి తప్పదు. మంగినపూడి బీచికి వెళ్లి ఇసకలో తిప్పి తెచ్చి, కడక్కుండా పక్కన పెట్టేసిన బండి చైను వారానికే ఎర్రబడుతుంది. లింకు సందుల్లోంచి ఎర్రటి పొడి రాలుతోందంటే లోపల నూనె ఆరిపోయిందని అర్థం. 1970ల్లో వచ్చిన ఓ-రింగు చైను దీనికే పుట్టింది. పిన్నుకూ బుష్షుకూ మధ్య గ్రీజు పెట్టి, రెండు చివర్లా రబ్బరు రింగులతో మూస్తారు. బురద లోపలికి పోదు, గ్రీజు బయటికి రాదు. 200 సీసీ దాటిన బళ్లు చాలావాటికి ఇప్పుడు ఇవే.

ఇక లాకు. చిన్న బళ్ల చైనుకు క్లిప్పు లాకు. రెండు పిన్నుల లింకును వెనక నుంచి దూర్చి, ముందు ప్లేటు తొడిగి, పిన్నుల గాడిలో స్ప్రింగు క్లిప్పు ఎక్కిస్తారు. ఆ క్లిప్పు అచ్చం చేపలా ఉంటుంది. గుండ్రంగా మూసిన వైపు తల, చీలిన వైపు తోక. చేప ఎటు ఈదుతుందో గొలుసు అటు కదలాలి. పైవరసలో గొలుసు ఇంజిన్ వైపు వెళ్తుంది కాబట్టి తల ఇంజిన్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే ఏ రాయో పుల్లో తోక చీలికలో తగిలి క్లిప్పును ఊడదీస్తుంది.

నాకిది తెలిసింది నష్టపోయాకే. కొన్నేళ్ల కిందట ఒక చోట కొత్త చైను వేయించుకుని, పెట్టేటప్పుడు చూడకుండా వచ్చేశాను. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్తుంటే కరకట్ట మీద టప్పుమని చప్పుడు, తర్వాత ఇంజిన్ మోతే గాని బండి కదల్లేదు. వెనక్కి చూస్తే చైను పాములా రోడ్డు మీద పడి ఉంది. చైను చక్రంలో చుట్టుకుని ఉంటే బండి అక్కడికక్కడ బిగుసుకుపోయేది. వెనక కూర్చున్న మా అమ్మాయిని చూసి నాకు నోట మాట రాలేదు. ప్లేటు దొరికింది, క్లిప్పు దొరకలేదు.

పెద్ద బళ్ల ఓ-రింగు చైన్లకు చాలావాటికి క్లిప్పు లేదు, రివెట్ లాకే. దాన్ని పద్ధతిగా వేయడం నేను చూసింది గుడివాడలో, ఒక చిన్న షెడ్డులో. అరవై దాటిన మెకానిక్కు, పక్కన సాయం పట్టే కుర్రాడు. పాత చైను పిన్ను తల గ్రైండరుతో అరగదీసి, ప్రెస్సుతో పిన్నును బయటికి నెట్టాడు. ముందు, వెనక పళ్ల చక్రాలు రెండూ కొత్తవి వేశాడు. అరిగిన చక్రం మీద కొత్త చైను వేస్తే చైనే పోతుంది. కొత్త చైను రెండు కొసలూ వెనక చక్రం పళ్ల మీదకు తెచ్చి పెట్టాడు. లాకుతో వచ్చిన గ్రీజంతా పిన్నులకు పూసి, పిన్నుకొక రింగు తొడిగి, వెనక నుంచి దూర్చాడు. ముందు వైపు మరో రెండు రింగులు. ఆపైన ప్లేటు, అంకెలున్న వైపు బయటికి.

"సుత్తితో రెండు దెబ్బలేస్తే అయిపోద్ది గదా బాబాయ్" అన్నాను.

"అయిపోద్ది బాబూ. ప్లేటు వంకర కూర్చుంటది, పిన్ను పగులుద్ది. అది ఇక్కడ తెలీదు, రోడ్డు మీద తెలుస్తది" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ప్రెస్సు బోల్టును కొంచెం తిప్పడం, వెర్నియరుతో కొలవడం, మళ్లీ కొంచెం తిప్పడం. పక్క లింకు వెడల్పు ఎంతుందో ఇదీ అంతే రావాలి. ఎక్కువ నొక్కితే రబ్బరు రింగు చితికి లింకు బిగుసుకుపోతుంది. తక్కువైతే గ్రీజు కారిపోతుంది. నాలుగోసారికి కొలత కుదిరింది. అప్పుడు ప్రెస్సు ముక్క మార్చి రివెట్ చేసే మొన పెట్టాడు. ఈ లాకు పిన్నుల చివర చిన్న గుంట ఉంటుంది. పిన్నంతా గట్టి ఉక్కే అయినా ఆ చివర మాత్రం మెత్తగా ఉంచుతారు, విచ్చుకోవడానికి. మొన ఆ గుంటలోకి దిగుతుంటే పిన్ను అంచు ఉమ్మెత్తపువ్వులా బయటికి తిరిగింది. ఆయన మళ్లీ కొలిచాడు. పిన్ను అసలు వెడల్పు కన్నా సుమారు అర మిల్లీమీటరు పెరగాలి. చైను కంపెనీ ఇచ్చే కాగితంలో కచ్చితమైన కొలత ఉంటుంది, దాన్నే చూడాలి. తక్కువైతే ప్లేటు జారుతుంది, ఎక్కువైతే అంచు పగులుతుంది.

చివరికి టార్చి వేసి రెండు పిన్నుల తలల మీద పగులుందేమో చూశాడు. కుర్రాణ్ణి పిలిచి "నువ్వు చూడరా" అని టార్చి వాడి చేతికిచ్చాడు. వాడు ఒంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి "లేదు మాస్టారూ" అన్నాడు. లింకును వేళ్లతో మడిచి చూస్తే పక్కవాటిలాగే సాఫీగా కదిలింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. సుత్తితో అయితే ఐదు. ఆ ముప్పై అయిదు నిమిషాలకూ ఆయన అడిగిన కూలి నాకు చాలా తక్కువనిపించింది.

ఒకసారి తీసిన రివెట్ లాకు మళ్లీ వాడకూడదు. ఓ-రింగు చైనును పెట్రోలుతో కడగకూడదు, రబ్బరు పాడవుతుంది. కిరసనాయిలు, మెత్తటి బ్రష్షు, ఆపైన 90 గ్రేడు గేరాయిలు చాలు. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెయ్యాలి. ఇంజిన్ మీద తిప్పుతూ గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకోవద్దు.

ఈసారి మీ బండికి చైను మార్పించేటప్పుడు టీ తాగడానికి వెళ్లకండి, పక్కనే నిలబడండి. క్లిప్పు లాకైతే చేప తల ఎటుందో చూడండి. రివెట్ లాకైతే "కొలిచి చూపించు బాబాయ్" అని అడగండి. కొలిచే మెకానిక్కు దొరికితే బేరం ఆడకండి.