హాట్‌సీట్‌కు ముందే అసలు పరీక్ష!
అదృష్టం, వేగం, మాటతీరు... మూడు అంచెల వడపోత

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: టీవీలో క్విజ్‌ కార్యక్రమం వస్తున్నప్పుడు పోటీదారు కంటే ముందే జవాబు చెప్పేవారు దాదాపు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ‘ఆ కుర్చీలో నేనుంటేనా...’ అనుకోని ప్రేక్షకుడు అరుదు. అయితే ఆ కుర్చీకి చేరేముందు దాటవలసిన అర్హత పరీక్ష ఎలా ఉంటుందో తెలిసినవారు తక్కువ. అందులో మొదటి అంచెను అదృష్టం, రెండో అంచెను వేగం, మూడో అంచెను మాటతీరు నిర్ణయిస్తాయి. పరిజ్ఞానం ఈ మూడింటికీ తోడుగా నిలుస్తుందే తప్ప, అదొక్కటే గట్టెక్కించదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో గ్రూప్స్‌, డీఎస్సీ, పోలీసు నియామకాలకు పుస్తకాలతో కుస్తీ పడుతున్న యువత చాలామందే ఉన్నారు. ఆ చదువు ఈ పరీక్షకూ ఎంతవరకు అక్కరకొస్తుందో తెలుసుకోవడం వారికి ఉపయోగకరం.

బ్రిటన్‌లో 1998 సెప్టెంబరులో మొదలైన కార్యక్రమమే వీటన్నింటికీ మాతృక. 2000 జులై 3న అమితాబ్‌ బచ్చన్‌ వ్యాఖ్యాతగా హిందీలో ‘కౌన్‌ బనేగా కరోడ్‌పతి’ ప్రారంభమైంది. తెలుగువారికి ఆ అవకాశం రావడానికి మరో 14 ఏళ్లు పట్టింది. 2014 జూన్‌లో నాగార్జున వ్యాఖ్యాతగా మా టీవీలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలైంది. 2017లో చిరంజీవి ఆ బాధ్యత తీసుకున్నారు. 2021 ఆగస్టులో జూనియర్‌ ఎన్టీఆర్‌తో ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ పేరిట జెమినీ టీవీలో వచ్చింది. ఆ సీజనులోనే నవంబరులో తెలంగాణకు చెందిన ఒక పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టర్‌ కోటి రూపాయలు గెలిచారు. హిందీలో తొలి కోటీశ్వరుడైన హర్షవర్ధన్‌ నవాథే 2000లో పోటీకి వెళ్లేనాటికి సివిల్స్‌కు సిద్ధమవుతున్న యువకుడు. పోటీ పరీక్షల చదువు వృథా పోదనడానికి ఈ రెండూ నిదర్శనాలే.

వడపోత ఇలా...

నమోదు ప్రక్రియ మొదలవగానే ఛానల్‌లో ఒక ప్రశ్న అడుగుతారు. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని ఎస్‌ఎంఎస్‌ ద్వారానో, యాప్‌ ద్వారానో నిర్ణీత గడువులోగా పంపాలి. ఈ ప్రశ్న సాధారణంగా తేలికగానే ఉంటుంది. సరైన జవాబు పంపినవారు లక్షల్లో ఉంటారు కాబట్టి, వారిలో కొందరిని కంప్యూటర్‌ యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తుంది. అంటే తొలి అంచెలో పండితుడికీ పామరుడికీ ఒకే అవకాశం. ఇక్కడ పేరు రాలేదని ఎవరూ చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు.

ఎస్‌ఎంఎస్‌కు అయ్యే ఖర్చునూ లెక్క చూసుకోవాలి. 2007లో షారుఖ్‌ ఖాన్‌ నిర్వహించిన హిందీ సీజనులో ప్రేక్షకుల కోసం ‘హర్‌ సీట్‌ హాట్‌ సీట్‌’ అనే పోటీ పెట్టారు. ఒక్కో సందేశానికి రూ.2.40 వసూలైంది. బహుమతి సొమ్ము ప్రేక్షకుల సందేశాల నుంచే వస్తోందన్న ఫిర్యాదుపై జాతీయ వినియోగదారుల కమిషన్‌ 2008లో ఛానల్‌కు, టెలికాం సంస్థకు కలిపి కోటి రూపాయల దండన పరిహారం విధించింది. ఆ ఉత్తర్వును తరువాత సుప్రీంకోర్టు కొట్టివేసింది. కేసు అలా ముగిసినా, పదే పదే సందేశాలు పంపేవారు రేటు ఎంతో ముందుగా చూసుకోవడం మంచిదన్న సంగతి మాత్రం మిగిలింది.

కంప్యూటర్‌ ఎంపిక చేసినవారికి ఫోన్‌ ద్వారానో, ఆన్‌లైన్‌లోనో మరికొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. అర్హత పరీక్ష అనదగినది ఇదే. నాలుగు జవాబుల ప్రశ్నకు గుడ్డిగా గురిపెడితే సరిపడే అవకాశం నాలుగింట ఒకటి. వరుసగా మూడు ప్రశ్నలకు అలా గట్టెక్కే అవకాశం 64లో ఒకటి మాత్రమే. అందరూ అన్నీ సరిగ్గా చెప్పినప్పుడు విడదీయడానికి బ్రిటన్‌లో అంకెల ప్రశ్న వాడేవారు. ఎవరి జవాబు అసలు సంఖ్యకు దగ్గరగా ఉంటే వారే ముందుకు వెళ్తారు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెన్ని అని అడిగారనుకుందాం. 3,550 అని కచ్చితంగా గుర్తులేకున్నా, నడిచి ఎక్కినవారు మూడు నాలుగు వేల మధ్య ఒక సంఖ్య చెప్పగలరు. ఎన్నడూ నడవనివారు పదివేలు అనేయవచ్చు. ఎత్తులు, దూరాలు, జనాభా, సంవత్సరాలు ఇలా ఉజ్జాయింపుగా అంచనా వేయడం అలవాటు చేసుకోవలసిన విద్య. పోటీ పరీక్షల పుస్తకాలు దీన్ని నేర్పవు.

స్టూడియోకు చేరిన పది మందికీ ఎదురయ్యే క్రమంలో అమర్చే ప్రశ్న మరో రకం. మదనపల్లె బీటీ కళాశాల, తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం... వీటిని స్థాపన క్రమంలో పెట్టమన్నారనుకుందాం. నాలుగింటిని 24 విధాలుగా అమర్చవచ్చు. అన్నింటికంటే పాతది, అన్నింటికంటే కొత్తది తెలిస్తే మిగిలేవి రెండే విధాలు. అందుకని నాలుగు సంవత్సరాలూ గుర్తు తెచ్చుకుంటూ కూర్చోకుండా మొదలు, చివర పట్టుకుని నడుమ రెండింటిని పోల్చుకోవాలి. (జవాబు: 1915, 1954, 1983, 1997. పైన చెప్పిన వరుసే సరైనది.) ఇక్కడ క్షణంలో వెయ్యోవంతు కూడా లెక్కకొస్తుంది. జవాబు తెలిసీ వేలు ఆలస్యమై వెనుదిరిగినవారిని ప్రతి సీజనులోనూ చూశాం.

మన ఊరి ప్రశ్నే ముంచవచ్చు!

ప్రశ్నలు తయారుచేసేవారి నైపుణ్యమంతా తప్పు జవాబుల ఎంపికలోనే ఉంటుంది. సరైన జవాబు పక్కన, జనం నోట బాగా నానిన తప్పు జవాబును ఉంచుతారు. ఈ వలలో స్థానికులే ముందుగా పడే ప్రమాదం ఉంది.

జాతీయ గీతాన్నే తీసుకుందాం. ‘జనగణమన మా మదనపల్లెలోనే పుట్టింది’ అని ఇక్కడ గర్వంగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌ మహాసభలోనే ఆలపించారు. రవీంద్రనాథ్‌ ఠాగూర్‌ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్‌ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, ఇక్కడ బస చేసిన రోజుల్లో దాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ప్రిన్సిపల్‌ జేమ్స్‌ కజిన్స్‌ సతీమణి మార్గరెట్‌ కజిన్స్‌ చొరవతో బాణీకి స్వరలిపి సిద్ధమైంది. కాబట్టి ‘ఎక్కడ రచించారు’, ‘ఎక్కడ తొలిసారి పాడారు’, ‘ఎక్కడ అనువదించారు’ అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడో దానికి మాత్రమే మదనపల్లె సరైన జవాబు. ప్రశ్నలోని క్రియాపదం వినకుండా ఊరి పేరు మీద వేలు పెట్టినవారు ఇంటిదారి పట్టవలసిందే.

పుంగనూరు ఆవు సంగతీ ఇంతే. 2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రాలు వచ్చాక దేశమంతా పుంగనూరు పేరు మార్మోగింది. ‘ప్రపంచంలోనే అతి చిన్న ఆవు ఏది’ అంటే మనవారు తడుముకోకుండా పుంగనూరు అంటారు. కేరళవారు అంతే ధీమాగా వేచూరు అంటారు. గిన్నిస్‌ రికార్డుల లెక్క మరో తీరు. అది జాతికి కాక ఒక్కో ఆవుకు ఇచ్చే గుర్తింపు. 2014లో కేరళలోని 61.1 సెంటీమీటర్ల ‘మాణిక్యం’ ఆ రికార్డు పొందగా, 2021లో బంగ్లాదేశ్‌కు చెందిన 50.8 సెంటీమీటర్ల ‘రాణి’ దాన్ని అధిగమించింది. ప్రశ్నలో ‘జాతి’ అని ఉందా, ‘ఆవు’ అని ఉందా, ఏ సంవత్సరం అడిగారు అన్నదానిపై జవాబు మారిపోతుంది.

కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కేంద్రీయ విశ్వవిద్యాలయమని పొరబడేవారూ లేకపోలేదు. దక్షిణాది రాష్ట్రాల తోడ్పాటు ఉన్నా, 1997లో దాన్ని నెలకొల్పింది ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వమే. జిల్లాల విషయమైతే మరీ తిరకాసు. 2022 ఏప్రిల్‌ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లగా పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి. ఆ తరువాతా సరిహద్దులు మారాయి. పదేళ్ల కిందట కొన్న సామాన్య పరిజ్ఞాన పుస్తకంతో ఈ పరీక్షకు కూర్చోవడం కంటే రోజూ పత్రిక చదవడం మేలు.

ఇంకొక విషయం. రాజ్యాంగ అధికరణలు కంఠతా వచ్చినవారు సామెతలో తప్పిపోయిన పదం దగ్గరో, వంటింటి దినుసు దగ్గరో, పాత సినిమా పాట దగ్గరో తొలి మెట్లమీదే తడబడుతుంటారు. ఈ విషయంలో ఇంట్లో పెద్దవారితో కబుర్లు చెప్పుకునేవారిది పైచేయి.

మాట్లాడగలిగితేనే...

పరీక్షలో నెగ్గినవారికి ముఖాముఖి ఉంటుంది. 2020లో కొవిడ్‌ కారణంగా హిందీ కార్యక్రమం ఎంపిక ప్రక్రియను దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌కు మార్చింది. పరీక్షతోపాటు తమను పరిచయం చేసుకునే వీడియోను కూడా అభ్యర్థులే పంపవలసి వచ్చింది. 2002లో హ్యూలెట్‌ ప్యాకర్డ్‌ సంస్థ కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పేరిట ఇంటర్నెట్‌ కేంద్రాలు తెరిచినప్పుడు పల్లెలకు కంప్యూటర్‌ ఎందుకని నవ్వినవారుంటే, వారి పిల్లలు ఇప్పుడు చేతి ఫోన్‌తోనే ముంబయి స్టూడియోకు దరఖాస్తు చేయగలుగుతున్నారు.

ఈ ముఖాముఖిలో నిర్వాహకులు చూసేది మార్కులు కాదు. తెరపై అరగంట సేపు ప్రేక్షకుడిని కూర్చోబెట్టగల మనిషి కోసం వెతుకుతారు. ఏం పని చేస్తారు, డబ్బు వస్తే ఏం చేస్తారు, ఊరి విశేషమేమిటి వంటి ప్రశ్నలకు సూటిగా, సొంత యాసలో చెప్పినవారు గుర్తుండిపోతారు. టమోటా ధర ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉండే మదనపల్లె మార్కెట్‌ను నమ్ముకున్న రైతుబిడ్డ ఆ సంగతే చెబితే చాలు. లేని కష్టాలు కల్పించి కన్నీరు పెట్టుకోవలసిన అగత్యం లేదు. ఇది చదువుకు జరిగే పరీక్ష అనుకుని వెళ్లినవారికి ఈ అంచె అన్యాయంగా తోచవచ్చు. వినోద కార్యక్రమానికి జరిగే ఎంపిక అనుకుంటే అంత బాధ ఉండదు.

కుప్పం ప్రాంతంవారికి మరో వెసులుబాటు ఉంది. మూడు రాష్ట్రాల కూడలిలో ఉండడంతో తెలుగుతోపాటు కన్నడం, తమిళం వినడం, మాట్లాడడం ఇక్కడ సహజం. కన్నడంలో 2012లో పునీత్‌ రాజ్‌కుమార్‌, తమిళంలో అదే ఏడాది సూర్య ఇటువంటి కార్యక్రమాలనే నిర్వహించారు. 2020 జనవరిలో రాధిక నిర్వహించిన తమిళ ‘కోడీశ్వరి’లో మాట, వినికిడి లేని కౌసల్య కార్తిక కోటి రూపాయలు గెలిచి అందరినీ అబ్బురపరిచారు. మాటతీరు అన్నది గొంతుతోనే ఉండనక్కరలేదని ఆమె చూపారు. అయితే మాట్లాడడం వచ్చినంత మాత్రాన తెరపై కనిపించే ప్రశ్నను క్షణాల్లో చదవడం రాదు. లిపి వచ్చిన భాషలోనే దరఖాస్తు చేయాలి.

డబ్బు అడిగితే మోసమే

‘మీ నంబరుకు కేబీసీ లాటరీలో 25 లక్షలు వచ్చాయి’ అంటూ అమితాబ్‌ బొమ్మతో వాట్సప్‌లో తిరిగే సందేశాలు దేశవ్యాప్తంగా ఎందరినో ముంచాయి. మొదట ప్రాసెసింగ్‌ రుసుము అంటారు. అది కట్టాక పన్ను, ఆపై బ్యాంకు ఖర్చు అంటూ గుంజుతారు. ఈ కార్యక్రమంలో లాటరీ అన్నదే లేదు. ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎవరికీ లక్షలు రావు. ‘ఆడిషన్‌కు సీటు ఇప్పిస్తాం, అడ్వాన్సు పంపండి’ అనే దళారులదీ ఇదే కోవ. ఓటీపీ అడిగినా, తెలియని యాప్‌ లింకు పంపినా స్పందించరాదు. సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్‌ చేసి, బ్యాంకుకూ తెలపాలి. మొదటి గంటల్లో ఫిర్యాదు అందితే సొమ్మును ఖాతాల్లోనే నిలిపివేసే అవకాశం ఎక్కువ.

కోటి గెలిస్తే చేతికొచ్చేదెంత?

తెరపై చూపే చెక్కు మొత్తం ఇంటికి రాదు. క్విజ్‌ బహుమతిపై ఆదాయపు పన్ను 30 శాతం. జీతానికి, వ్యాపారానికి ఉండే కనీస మినహాయింపు పరిమితి దీనికి వర్తించదు. పొదుపు పథకాల మినహాయింపులూ చెల్లవు. వేరే ఆదాయమేమీ లేని వ్యక్తి సరిగ్గా కోటి గెలిచాడనుకుంటే, పన్ను 30 లక్షలు, దానిపై 10 శాతం సర్‌ఛార్జి 3 లక్షలు, ఆ మొత్తంపై 4 శాతం సెస్సు రూ.1.32 లక్షలు. వెరసి రూ.34.32 లక్షలు పోగా మిగిలేది రూ.65.68 లక్షలు. ఇందులో 30 లక్షలను చెల్లింపు సమయంలోనే మినహాయించుకుంటారు. తక్కిన రూ.4.32 లక్షలను విజేతే స్వయంగా కట్టవలసి ఉంటుంది. కాబట్టి చేతికొచ్చిన 70 లక్షలతో స్థలానికి బయానా ఇచ్చేముందు ఆ సొమ్ము పక్కన పెట్టుకోవాలి. పాన్‌ కార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు, దరఖాస్తులో రాసిన పేరు ఒకేలా ఉన్నాయో లేదో నమోదుకు ముందే సరిచూసుకుంటే తరువాత చిక్కులుండవు.