రాణి లేని పుట్ట.. పేరు మారిన చీమ

నాగర్‌కర్నూల్: శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. నిజానికి ఇళ్ల గోడల వెంట తిరిగే గండుచీమకు కుట్టేందుకు కొండే లేదు. అది దవడలతో కరిచి, గాయంపై ఆమ్లాన్ని చిమ్ముతుంది. మామిడి ఆకులను గూళ్లుగా అల్లే ఎర్రచీమదీ అదే పద్ధతి. కందిరీగ మాదిరిగా కొండితో విషమెక్కించి వేటాడే చీమల్లో ‘పొనెరినే’ ఉపకుటుంబానిది ప్రముఖ స్థానం. ప్రపంచవ్యాప్తంగా 1,200కు పైగా జాతులున్న ఈ చీమలంటే, గాజు గూళ్లలో చీమలను పెంచే ఔత్సాహికులకు ప్రత్యేకమైన మక్కువ.

దీనికి కారణం లేకపోలేదు. సాధారణ చీమలకు చక్కెర నీళ్లు పోస్తే గుంపుగా చేరి తాగుతాయి. పొనెరిన్ చీమ అలా కాదు. ఒంటరిగా బయలుదేరి, పురుగును పసిగట్టి, కుట్టి, గూటికి మోసుకెళ్తుంది. దక్షిణ భారత అడవుల్లో కనిపించే ‘హార్పెగ్నాథోస్ సాల్టేటర్’ పెద్ద కళ్లతో ఎరను గుర్తించి ఎగిరి పట్టుకుంటుంది. ఈ దూకుడు చీమను 1851లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు థామస్ జెర్డాన్. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఈ వైద్యుడి పేరే కలివికోడి ఆంగ్ల నామంలోనూ ఉంది. చెదపురుగులపై బారులు తీరి దాడికి వెళ్లే ‘లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్’కు ఆ పేరు పెట్టిందీ ఆయనే.

తొలకరి వానల తర్వాత రెక్కల రాణిని పట్టి, అడుగున నీరు పోసి దూది బిగించిన పరీక్ష నాళికలో ఉంచడం చీమల పెంపకంలో తొలి పాఠం. చాలా రకాల చీమల్లో రాణి గూడు మూసుకుని కూర్చుని, ఒంట్లోని కొవ్వును, ఇక పనిలేని రెక్కల కండరాలను కరిగించుకుంటూ తొలి సంతానాన్ని సాకుతుంది. పొనెరిన్ రాణులకు చాలావరకు ఆ నిల్వ చాలదు. అవి మధ్యమధ్య బయటకు వచ్చి వేటాడాలి. ఈ తేడా తెలియక మేత వేయకుండా చీకటిలో పెడితే రాణి ఆకలితో మాడి చనిపోతుంది. లెప్టోజెనిస్‌లో అనేక జాతుల రాణులకు రెక్కలే ఉండవు కనుక, దీపాల చుట్టూ వెతికినా ప్రయోజనం శూన్యం.

మన దేశంలో విస్తృతంగా ఉన్న ‘డయకమ్మా’ వ్యవహారం మరీ విచిత్రం. ఈ చీమల్లో రాణి అనే తరగతే లేదు. పుట్టిన ప్రతి కూలి చీమకూ వీపుపై మొగ్గల్లాంటి రెండు చిన్న అవయవాలుంటాయి. గూటిలో పెత్తనం చేసే చీమ, కొత్తగా పుట్టినవాటి మొగ్గలను కొరికేస్తుంది. మొగ్గలు నిలిచిన ఆ ఒక్కటే మగచీమతో జతకట్టి గుడ్లు పెడుతుంది. మొగ్గలు పోయినవి ఇక జతకట్టలేవు. కాబట్టి గట్టు మీద దొరికిన నాలుగు చీమలను సీసాలో వేసుకుంటే అవి కొన్నాళ్లు బతుకుతాయే తప్ప పుట్ట నిలవదు. గూడు మార్చేటప్పుడు దారి తెలిసిన చీమ ముందు నడుస్తూ, మరొక చీమను వెంటబెట్టుకుని పోతుంది. కోల్‌కతాలోని ఐఐఎస్‌ఈఆర్ శాస్త్రవేత్తలు ఈ ప్రవర్తనపై పరిశోధనలు చేశారు.

హార్పెగ్నాథోస్‌లో రాణి ఉంటుంది. అది చనిపోతే కూలి చీమలు మీసాలతో రోజుల తరబడి కలబడి, గెలిచినవి గుడ్లు పెట్టే బాధ్యత చేపడతాయి. అప్పుడు వాటి మెదడు దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుందని, తిరిగి కూలి పనిలోకి మళ్లిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందని 2021లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది.

ఇక పేర్ల చిక్కు. కుట్టే బాధకు పేరుమోసిన దక్షిణ అమెరికా బుల్లెట్ చీమను పాత పుస్తకాలు పొనెరిన్‌గానే చూపుతాయి. 2003లో బారీ బోల్టన్ వర్గీకరణతో అది వేరే ఉపకుటుంబమైంది. 2014లో ‘పాకీకాండైలా’ అనే భారీ ప్రజాతి ముక్కలై, ఆ పేరు అమెరికా ఖండాల జాతులకే మిగిలింది. మన చీమలు బ్రాకిపొనెరా, బొత్రోపొనెరా వంటి ప్రజాతుల్లోకి చేరాయి. ఇది పండితుల తగువుగా కొట్టిపారేయదగినది కాదు. పాత పేరుతో అమ్మే చీమ అసలు ఏదో తెలియకుంటే దాని మేత, తేమ, విషం గురించీ తెలియదు. బ్రాకిపొనెరాలోని కొన్ని జాతులు కుడితే కొందరికి ప్రాణాపాయ స్థాయి అలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి.

గద్వాల, వనపర్తి చెలకల్లో, పొలం గట్లపై నడుము దగ్గర ఒకే బుడిపె, పొట్ట మొదట్లో చిన్న నొక్కు ఉన్న నల్లని చీమ ఒంటరిగా తిరుగుతుంటే అది పొనెరిన్ కావచ్చు. చేత్తో పట్టరాదు. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో సంగతి వేరు. అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏ వన్యప్రాణిని తరలించినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అందుకు చీమ మినహాయింపు కాదు. విదేశీయులు జీవ వనరులను సేకరించాలంటే 2002 నాటి చట్టం ప్రకారం జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి. కెన్యాలో సుమారు 5,000 రాణి చీమలను నాళికల్లో దాచి తరలించబోయిన ఇద్దరు బెల్జియం యువకులకు అక్కడి న్యాయస్థానం 2025 మే నెలలో చెరో పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా విధించింది. అవి పొనెరిన్‌లు కావు, గింజలు ఏరుకునే చీమలు.