పాచిక నిజమైనదే, విసరువాడెవడు?

మహాభారత కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ధర్మరాజు సభలో ఓడిపోయినది శకుని పాచికల వలన అని చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. అయితే ఆ కథలో ఒక సంగతిని మనము తఱచుగా మఱచిపోవుచుందుము. శకుని ఎవరో ధర్మరాజునకు తెలియును. అతడు గాంధార రాజు, దుర్యోధనుని మేనమామ. ఆట జరిగినది పెదతండ్రి కొలువులో, భీష్మద్రోణుల ఎదుట. అనుమానింపదగినది పాచిక, ఆడించువాడు మాత్రము తెలిసినవాడే.

నేడు క్రిప్టో కరెన్సీతో ఇంటర్నెట్‌లో నడచు జూదశాలలలో ఈ పరిస్థితి తలక్రిందులైనది. పాచిక నిజమైనదని గణితముతో ఋజువు చేయుదురు; దానిని విసరువాడెవడో చాలచోట్ల చెప్పరు. ఈ విచిత్రమును గుఱించి నేడు కొంత ముచ్చటింతము.

ముందుగా నాణెము సంగతి. 2008 అక్టోబరు 31వ తేదీన సతోషి నకమోటో అను పేరుతో వెలువడిన ఒక వ్యాసము బిట్‌కాయిన్‌కు మూలము. 2009 జనవరిలో అది వాడుకలోనికి వచ్చెను. ఆ పేరు వెనుకనున్నది ఎవరో నేటికిని నిర్ధారణ కాలేదు. ఈ నాణెముల లెక్క ఏ ఒక్క బ్యాంకు పుస్తకములోను ఉండదు; లోకమంతట వేలాది కంప్యూటర్లలో ఒకే ఖాతా పుస్తకము బహిరంగముగా ఉండును. ఏ చిరునామా నుండి ఏ చిరునామాకు ఎంత పోయినదో ఎవరైనను చూడవచ్చును. కాని ఇక్కడ చిరునామా అనగా వీధి, ఇంటి నంబరు కాదు. అక్షరముల, అంకెల వరుస మాత్రమే. సొమ్ము నడచిన దారి కనిపించును. నడిపించిన చేయి కనిపించదు. పైగా ఒకసారి పంపిన సొమ్మును వెనుకకు రప్పించు అధికారము గలవారెవరును లేరు.

ఈ నాణెముతో జూదమాడించినవారిలో తొలుత ప్రసిద్ధికెక్కినది 2012లో వచ్చిన సతోషి డైస్. దానిలో చేరుటకు పేరు చెప్పనక్కఱలేదు. సొమ్మును ఒక చిరునామాకు పంపినచో పందెము వేసినట్లే. 2013 జూలైలో ఆ సంస్థ 1,26,315 బిట్‌కాయిన్లకు అమ్ముడుపోయెను. కొన్నవారెవరో ఆనాడు వెల్లడింపలేదు. జూదశాల చేతులు మాఱినది; ఏ చేతులలోనికి పోయినదో ఆడువారికి తెలియలేదు. అయినను ఆట ఆగలేదు. ఏమి చూచి నమ్మినారు?

వారు నమ్మినది ఒక గణితోపాయమును. తిరునాళ్ళలో ఒక దుకాణదారుడున్నాడనుకొందము. అతడు ముందుగా ఒక కాగితముపై ఒక అంకె వ్రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి మీ చేతికిచ్చును. తరువాత మీకు తోచిన అంకెను మీరు చెప్పుదురు. అప్పుడు కవరు విప్పి, రెండంకెలను కలిపి ఫలితము తేల్చుదురు. మీ అంకె అతనికి ముందు తెలియదు. అతని అంకెను అతడు తరువాత మార్చలేడు. ఇంటర్నెట్ జూదములో లక్క ముద్ర పనిని హాష్ అను గణితక్రియ చేయును. ఎస్‌హెచ్‌ఏ-256 అను పద్ధతిలో ఎంతటి పాఠమైనను 64 గుర్తుల వరుసగా మాఱును. పాఠములో ఒక్క అక్షరము మాఱినను ఆ వరుస పూర్తిగా వేఱగును. వరుసను చూచి పాఠమును కనుగొనుట సాధ్యము కాదు. నిర్వాహకుడు తన రహస్యపు అంకెకు హాష్‌ను ముందే ప్రకటించి, ఆట ముగిసిన పిదప అంకెను బయటపెట్టును. ఆడినవాడు తానే లెక్క కట్టి సరిచూచుకొనవచ్చును.

ఇది మెచ్చదగిన ఉపాయమనుటలో సందేహము లేదు. కాని అది దేనిని ఋజువు చేయునో, దేనిని చేయదో తెలిసికొనవలెను. పాచిక దొర్లిన తీరును మాత్రమే అది ఋజువు చేయును. గెలిచినవానికి సొమ్ము చెల్లింతురనునది అందులో లేదు. నిలువ చేసిన సొమ్ము పెట్టెలో ఉన్నదనునది అందులో లేదు. రేపు ఉదయము దుకాణము తెరచి ఉండుననునది అసలే లేదు. కొన్ని చోట్ల ప్రజలే జూదశాలలో పెట్టుబడి పెట్టి, లాభనష్టములను పంచుకొందురు. అచ్చట రహస్యపు అంకె ముందే తెలిసిన నిర్వాహకుడు మాఱుపేరుతో తానే ఆడి పెట్టుబడిదారుల సొమ్మును గెలుచుకొనినచో, లెక్కలన్నియు సరిగానే కనిపించును.

మా బంధువులలో ఒక యువకుడు ఇటువంటి చోట ఆడెను. తెరపై అతని నిలువ నానాటికి పెరుగుచుండెను. సొమ్ము తీసికొనబోయిన దినమున గుర్తింపు పత్రము పంపుమనిరి, పంపినాడు. మఱియొక పత్రము కావలెననిరి, అదియు పంపినాడు. పిదప జవాబులు ఆగిపోయినవి. ఆ పిల్లవాని తండ్రి నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: “ఎవరి మీద ఫిర్యాదు చేయవలెనండీ?” నాకు జవాబు తోచలేదు. వీరి పేరు, ఊరు, పత్రములు వారి వద్ద నున్నవి. వారి పేరైనను వీరికి తెలియదు.

మన ఊళ్ళలో చీటీలు వేయువాని మీద నమ్మకమునకు ఆధారమేమి? అతని ఇల్లు తెలియును, పొలము తెలియును, పిల్లలు ఏ బడిలో చదువుచున్నారో తెలియును. పరారైనచో అతడు పోగొట్టుకొనునది చాల ఉన్నది. మాఱుపేరు గలవాడు పోగొట్టుకొనునది ఆ మాఱుపేరును మాత్రమే. మాఱుపేరుతోనే ఏండ్ల తరబడి సక్రమముగా చెల్లించినవారు లేకపోలేదు. కాని పెట్టెలోని సొమ్ము, ఇకమీద రాగల లాభము కంటె ఎక్కువైన దినమున, వానిని నిలుపునది వాని మనస్సాక్షి తప్ప మఱేమియు లేదు. నిజాయితీపరుడును మోసగాడును ఆ కడపటి దినము వఱకు ఒకే తీరున కనిపింతురు.

అందువలననే ప్రభుత్వములు జూదమును అనుమతించిన చోట్ల పాచికను గాక మనిషిని ముందు పరీక్షించును. అమెరికాలోని నెవాడా రాష్ట్రము 1955లో దీనికై ఒక నియంత్రణ సంఘమునే స్థాపించెను. కరీబియన్ సముద్రములోని కురసావ్ దీవి నుండి లైసెన్సు పొందిన ఇంటర్నెట్ జూదశాలలు అనేకము. అచ్చట చిరకాలము ఒక మూల లైసెన్సు క్రింద ఎన్నో ఉపలైసెన్సులు నడచినవి. 2024 డిసెంబరులో క్రొత్త చట్టము అమలులోనికి వచ్చెను. పేరు తెలిసినంత మాత్రమున ఆపద తప్పదు. 2023 సెప్టెంబరులో స్టేక్ అను సంస్థ నుండి సుమారు 4 కోట్ల 10 లక్షల డాలర్ల క్రిప్టో నాణెములు అపహరింపబడెను. అయితే ఆ సంస్థ స్థాపకులు ఎవరో లోకమునకు తెలియును. ప్రశ్నించుటకు ఒక ముఖమున్నది.

మన దేశము మాట వేఱు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను సవరించి ఇంటర్నెట్ జూదమును నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి ఆడు ఇంటర్నెట్ ఆటల నిషేధమునకు చట్టమును ఆమోదించెను. అంతకు చాల మునుపే, 1872 నాటి ఒప్పందముల చట్టములోని 30వ సెక్షను పందెపు ఒప్పందము చెల్లదని చెప్పినది. గెలిచిన పందెపు సొమ్ముకై దావా వేయ వీలులేదు.

చివరగా ఒక చిన్న లెక్క. ఏ మోసమును లేని ఆటలో యజమాని వాటా నూటికి 1 అనుకొందము. 1,000 రూపాయలు గలవాడు పందెమునకు 10 రూపాయల చొప్పున 10,000 సార్లు ఆడినచో, వేసిన పందెముల మొత్తము 1,00,000 రూపాయలు. సగటున పోవునది 1,000 రూపాయలు, అనగా ఉన్నదంతయు. యంత్రమే పందెములు వేయుచుండగా ఇన్ని ఆటలకు ఎంతో కాలము పట్టదు. నిజమైన పాచికతో జరుగునది ఇది. కనుక మీ ఇంటి పిల్లవాడు “ఇందులో మోసము లేదు, లెక్క నేనే సరిచూచితిని” అనినచో, వానిని కోపించి ప్రయోజనము లేదు. వాని లెక్క నిజమే కావచ్చును. “నీ సొమ్ము ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నది నాయనా? ఆ మనిషి పేరేమి?” అని అడుగుడు. పేరు చెప్పలేకపోయినచో, మిగిలినదానిని నేడే వెనుకకు తీసికొనుమనుడు.