క్రూయిజ్‌లో ఫార్మల్ నైట్: సూట్ కొనాలా, పట్టుచీర సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ క్రూయిజ్ బుక్ చేసుకున్న వాళ్ళ కోసం. అందులోనూ అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్న వాళ్ళు అయితే చివరిదాకా చూడండి.

సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల ట్రిప్ కావచ్చు. లేదంటే అమెరికాలో ఉన్న పిల్లలు, సమ్మర్‌లో వచ్చిన పేరెంట్స్‌ని సియాటిల్ నుంచి అలాస్కా తీసుకెళ్ళడం కావచ్చు. బుకింగ్ అయ్యాక వచ్చే వివరాల్లో ఒక మాట కనిపిస్తుంది: ఫార్మల్ నైట్. ఇక అక్కడి నుంచి ఇంట్లో డిస్కషన్. నాన్నకి సూట్ కుట్టించాలా? అమ్మ గౌను వేసుకుంటుందా? చివరికి చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనే మాట ఒకటే. "మేం రాములే, మీరు వెళ్ళి తినండి. మాకు రూమ్‌కే ఏదో ఒకటి తెచ్చిపెట్టండి."

ఆ మాట దాకా రానివ్వకండి. ఎందుకంటే చాలా షిప్పుల్లో ఇండియన్ వెజ్ భోజనం కావాలంటే, మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి ముందు రోజే చెప్తే చేయిస్తారు. డ్రెస్ కోడ్ ముఖ్యంగా ఉండేది కూడా ఆ డైనింగ్ రూమ్‌కే. అంటే బట్టల గురించి మొహమాటపడి అక్కడికి వెళ్ళకపోతే, వెజిటేరియన్ పేరెంట్స్ తమ కోసం వేడివేడిగా చేసిపెట్టే పప్పు, కూర వదులుకున్నట్టే. ఆ రాత్రి ఫ్యామిలీ ఫోటోలో కూడా ఉండరు.

షార్ట్ ఆన్సర్ ముందే చెప్పేస్తా. పెళ్ళికి వెళ్ళే మన బట్టలు ఆల్రెడీ ఫార్మలే. కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు. మిగతా ఎపిసోడ్ అంతా అది ఎలా వర్కవుట్ చేసుకోవాలి అన్నదే.

అసలు ఈ రూల్ ఎక్కడిది?

ఒకప్పుడు యూరప్ నుంచి అమెరికాకి వెళ్ళాలంటే ఓడే దిక్కు. ఫస్ట్ క్లాస్ వాళ్ళు రాత్రి భోజనానికి ఇంట్లో, క్లబ్బులో ఎలా తయారయ్యేవాళ్ళో ఓడలో కూడా అలాగే తయారయ్యేవాళ్ళు. మగవాళ్ళకి డిన్నర్ జాకెట్, ఆడవాళ్ళకి పొడుగు గౌను. ఆ డిన్నర్ జాకెట్‌కి అమెరికాలో టక్సీడో అనే పేరు 1880ల్లో న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ అనే ఊరి వల్ల వచ్చింది. థర్డ్ క్లాస్‌లో వలస వెళ్ళే వాళ్ళకి ఈ హడావిడి లేదు. అంటే ఆ బట్టలు ఎవరు ఏ క్లాసో చెప్పే గుర్తులు అన్నమాట.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. జనం విమానం ఎక్కేశారు, ఓడలు మెల్లగా హాలిడే బిజినెస్‌లోకి వచ్చాయి. కానీ డ్రెస్ అలవాటు మాత్రం ఉండిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లెగసీ కోడ్. ఎవరూ తీసేయలేదు, ఒక్కో కంపెనీ తనకి కావాల్సినట్టు మార్చుకుంది. అందుకే రూల్ అన్ని షిప్పుల్లో ఒకేలా ఉండదు.

మీ షిప్ ఏ టైపు?

మూడు రకాలుగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది స్ట్రిక్ట్ టైపు. దీనికి క్యునార్డ్ కంపెనీ బెస్ట్ ఎగ్జాంపుల్. 2004లో సర్వీసులోకి వచ్చిన క్వీన్ మేరీ 2 షిప్ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్తుంది. వీళ్ళు ఫార్మల్ నైట్‌ని గాలా ఈవెనింగ్ అంటారు. మగవాళ్ళకి టక్సీడో లేదా డార్క్ సూట్, ఆడవాళ్ళకి ఈవెనింగ్ డ్రెస్. ఆ సాయంత్రం డైనింగ్ రూమే కాదు, షిప్‌లో చాలా చోట్ల ఇదే రూల్. అయితే ఇంత స్ట్రిక్ట్ కంపెనీ కూడా ఫార్మల్‌గా ఉండే జాతీయ దుస్తులు ఓకే అంటుంది. మనకి కావాల్సిన పాయింట్ అదే.

రెండోది మధ్య రకం. మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే షిప్పులు ఇవే. రాయల్ కరీబియన్, కార్నివాల్, ప్రిన్సెస్, ఎంఎస్‌సి లాంటివి. పేర్లు మారతాయి. కార్నివాల్ వాళ్ళు ఎలిగెంట్ నైట్ అంటారు, సెలెబ్రిటీ వాళ్ళు ఈవెనింగ్ షిక్ అంటారు. ఇక్కడ మంచి షర్టు, ప్యాంటు, కుదిరితే ఒక బ్లేజర్ చాలు. టక్సీడోలో వచ్చేవాళ్ళూ ఉంటారు, ప్లెయిన్ షర్టులో వచ్చేవాళ్ళూ ఉంటారు.

మూడోది ఫ్రీ టైపు. నార్వీజియన్‌లో ఫార్మల్ నైట్ కంపల్సరీ కాదు. వర్జిన్ వాయేజెస్‌లో అయితే డ్రెస్ కోడే లేదు. కాకపోతే స్కార్లెట్ నైట్ అని ఒక రాత్రి అందరూ ఎరుపు వేసుకుంటారు.

మీది ఏ టైపో తెలుసుకోవాలంటే ఆ కంపెనీ సైట్‌లో డ్రెస్ కోడ్ పేజీ ఒక్కసారి చదవండి. ట్రావెల్ ఏజెంట్ ఫోన్‌లో చెప్పిందాని మీద ఆధారపడొద్దు.

ఏ రాత్రి ఉంటుంది?

దీనికి ఒక లాజిక్ ఉంది. మొదటి రోజు మీ పెద్ద సూట్‌కేసులు టెర్మినల్‌లో ఇచ్చేస్తారు, అవి క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం అయిపోవచ్చు. చివరి రాత్రి మళ్ళీ సూట్‌కేసులు కారిడార్‌లో బయట పెట్టేయాలి. కాబట్టి ఈ రెండు రాత్రులూ సాధారణంగా క్యాజువల్. ఫార్మల్ నైట్ ఎక్కువగా, షిప్ ఏ ఊర్లోనూ ఆగకుండా రోజంతా సముద్రంలోనే ఉండే రోజు పెడతారు. తయారవడానికి అందరికీ టైం ఉంటుంది కాబట్టి.

లెక్క విషయానికొస్తే, మధ్య రకం షిప్పుల్లో ఐదు రాత్రుల లోపు ట్రిప్‌కి ఒకటి, వారం రోజుల ట్రిప్‌కి రెండు ఉండటం మామూలు. కరెక్ట్‌గా ఏ రాత్రి అన్నది షిప్ యాప్‌లోనూ, రోజూ వచ్చే ప్రోగ్రామ్ షీట్‌లోనూ ఉంటుంది. అంటే సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ట్రిప్ అయితే మనిషికి ఒక్క మంచి జత చాలు. నాలుగు పట్టుచీరలు, రెండు బ్లేజర్లు మోయక్కర్లేదు.

అమ్మకి ఏం సర్దాలి?

చీర. ఇంకో మాట లేదు. గద్వాల్, ఉప్పాడ, పోచంపల్లి, వెంకటగిరి, కంచిపట్టు, ఏదైనా సరే. ఆ హాల్లో ఎంత ఖరీదైన గౌను పక్కన కూర్చున్నా జరీ చీర తక్కువ కాదు.

ప్రాక్టికల్ విషయాలు మాత్రం చూసుకోండి. షిప్ మెల్లగా ఊగుతుంది కాబట్టి సన్న హీల్స్ వద్దు, ఫ్లాట్స్ కానీ బ్లాక్ హీల్స్ కానీ పెట్టండి. ఏ చెప్పులు వేసుకుంటారో అవే వేసుకుని చీర కట్టుకోవాలి, లేకపోతే కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. షిప్‌లో మెట్లు ఎక్కువ. పైట వదిలేయకుండా పిన్ను పెట్టుకోవాలి, ఓపెన్ డెక్ మీద గాలి మామూలుగా ఉండదు. డైనింగ్ రూమ్‌లో ఏసీ గట్టిగా ఉంటుంది, ఒక శాలువా ఉండాలి. నగలకి వన్ గ్రామ్ గోల్డ్ బెస్ట్. పోతుందేమో అన్న టెన్షన్ ఉండదు.

యంగ్ వాళ్ళకి లెహంగా ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. అది సగం సూట్‌కేస్ తినేస్తుంది, క్యాబిన్ అల్మరాలో పట్టదు. అనార్కలీ, లాంగ్ ఫ్రాక్, లైట్ వెయిట్ చీర అయితే హ్యాపీ.

ఇంకో విషయం, థీమ్ రంగులు. క్యునార్డ్‌లో బ్లాక్ అండ్ వైట్ గాలా ఉంటుంది, ఎంఎస్‌సిలో వైట్ పార్టీ ఉంటుంది. మన పెద్దవాళ్ళు కొంతమంది నలుపు కట్టరు. తెల్లచీర అంటే ఇంకా సెంటిమెంట్. ఇలాంటప్పుడు బలవంతపెట్టకండి. థీమ్ అనేది సరదా కోసమే, దాని వల్ల ఎవరినీ ఆపరు. కావాలంటే క్రీమ్ రంగు మీద జరీ అంచు ఉన్న మంగళగిరి చీర పెట్టండి. అదే క్యునార్డ్‌లో రెడ్ అండ్ గోల్డ్ గాలా ఉంటే ఇక వెతుక్కోవాల్సిన పనే లేదు. ఎర్రచీర, బంగారు జరీ ప్రతి ఇంటి బీరువాలో ఉంటాయి.

నాన్నకి ఏం సర్దాలి?

మెడ దాకా బటన్స్ ఉండే బంధ్‌గలా, అంటే జోధ్‌పురి కోటు ఉంటే అది స్ట్రిక్ట్ షిప్‌కి కూడా సరిపోతుంది. టై గొడవ లేదు. మధ్య రకం షిప్పులకి ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ షర్టు, డార్క్ ప్యాంటు, బెల్టు, షూస్ చాలు. కుర్తా మీద నెహ్రూ జాకెట్ కూడా నీట్‌గా ఉంటుంది. ఈ ఒక్క రాత్రి కోసం త్రీ పీస్ సూట్ కుట్టించి, తర్వాత దాన్ని బీరువాలో పెట్టేయడం వేస్ట్.

మరి పంచె? పట్టుపంచె, సిల్క్ షర్టు, పైన కండువా, ఇది మన ఫార్మల్ డ్రెస్సే. నాన్న పెళ్ళిళ్ళకి అదే కడితే, అక్కడా అదే కట్టనివ్వండి. స్ట్రిక్ట్ షిప్ అయితే ముందే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, ఫోటోతో సహా అడిగి, రిప్లై ఫోన్‌లో సేవ్ చేసుకోండి. డోర్ దగ్గర వాదించే అవసరం రాదు. మెట్లు, లిఫ్టులు ఎక్కి దిగాలి కాబట్టి వెల్క్రో పంచె అయితే ఈజీ. కాళ్ళకి మాత్రం బాత్రూమ్ స్లిప్పర్లు వద్దు, షూస్ కానీ మోజ్రీలు కానీ.

ఎక్కువ షిప్పుల్లో డోర్ దగ్గర అభ్యంతరం వచ్చేది వీటికే: షార్ట్స్, బనియన్ లాంటి స్లీవ్‌లెస్ టీషర్టులు, స్విమ్మింగ్ బట్టలు, రబ్బరు చెప్పులు, టోపీలు. ఈ లిస్టులో మన పెద్దవాళ్ళు వేసుకునేది ఏమైనా ఉందా? రిస్క్ ఉన్నది మనకే.

క్యాబిన్‌లో రెడీ అవ్వడం

ఎవరూ చెప్పని పార్ట్ ఇది. మామూలు క్యాబిన్ 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది. అందులో నలుగురు, ఒక చిన్న బాత్రూమ్. ఇంచుమించు ఒకే అద్దం. డిన్నర్ టైంకి గంటన్నర ముందు మొదలుపెట్టండి. చీర కట్టుకునే వాళ్ళు ముందు, మిగతావాళ్ళు కాసేపు బయట తిరిగి రండి.

ఐరన్ బాక్స్, స్టీమర్ సర్దుకోకండి. మంటల ప్రమాదం వల్ల దాదాపు అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. స్కానింగ్‌లో కనిపిస్తే తీసుకుని, దిగేటప్పుడు ఇస్తారు. కొన్ని షిప్పుల్లో ఐరన్ ఉన్న లాండ్రీ రూమ్ ఉంటుంది, లేని చోట డబ్బులిస్తే ఇస్త్రీ చేసిస్తారు. దానికంటే బెస్ట్, ఇక్కడే చీర ప్రీ-ప్లీటింగ్ చేయించి బాక్స్ ఫోల్డ్‌లో తీసుకెళ్ళడం. కుచ్చిళ్ళు, పైట మడతలు రెడీగా ఉంటాయి. చిన్న ప్లేస్‌లో పది నిమిషాల్లో కట్టేసుకోవచ్చు.

ఇంకో చిన్న ట్రిక్. క్యాబిన్ గోడలు చాలా షిప్పుల్లో స్టీలువి. మ్యాగ్నెట్ హుక్కులు నాలుగు తీసుకెళ్తే బ్లేజర్, చీర, కండువా అన్నీ గోడకే తగిలించుకోవచ్చు. లంగా, బ్లౌజ్, సేఫ్టీ పిన్నులు ఒకే కవర్‌లో పెట్టండి. చీర వచ్చి లంగా ఇంట్లో ఉండిపోతే షిప్‌లో దొరకదు.

అయినా వద్దనిపిస్తే?

పర్లేదు. బఫే దాదాపు అన్ని షిప్పుల్లో ఆ రాత్రి కూడా తెరిచే ఉంటుంది, క్యాజువల్‌గా వెళ్ళొచ్చు. రోజంతా తిరిగి అలసిపోయి వద్దనుకుంటే అది వాళ్ళ ఇష్టం. కానీ "మన బట్టలు అక్కడ బాగోవేమో" అని ఆగిపోతుంటే, దయచేసి ఈ వీడియో వాళ్ళకి చూపించండి. ఈ రూల్ పుట్టినప్పుడు అది ఎవరు లోపలికి రావాలో తేల్చడానికి పనికొచ్చింది. ఇప్పుడు టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఆ డైనింగ్ రూమ్‌లో టేబుల్ ఉంటుంది. ఆ టేబుల్ దగ్గర అమ్మ తన గద్వాల్ చీరలో కూర్చుంటే చాలు, ఫార్మల్ నైట్ అయిపోయినట్టే.

ఇంకో నెలలో ట్రిప్ ఉన్నవాళ్ళు ఈరోజే మూడు పనులు చేయండి. కంపెనీ డ్రెస్ కోడ్ పేజీ చదవండి. ఎన్ని ఫార్మల్ నైట్స్ ఉన్నాయో చూడండి. ఇండియన్ వెజ్ కావాలంటే ఇప్పుడే రిక్వెస్ట్ పెట్టి, షిప్ ఎక్కాక మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని కలిసి మళ్ళీ గుర్తుచేయండి. వైజాగ్‌లో కూడా 2023లో క్రూయిజ్ టెర్మినల్ ఓపెన్ అయింది కాబట్టి, ఈ ప్రశ్నలు మనకి ఇంకా ఎక్కువగానే వస్తాయి.