ఆకాశంలో తెల్లచార – చేనుకు చేటా?



పోయిన యాసంగిలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. అనంతపురం వైపు మా పుట్టింటి ఊళ్ళో మా తమ్ముడు బోరు కింద రెండెకరాల్లో శెనక్కాయ వేశాడు. మొలక బాగానే వచ్చింది. నెల తిరిగేసరికి లేత ఆకులు పాలిపోయి పసుపు తిరిగాయి. సరిగ్గా ఆ వారంలోనే వాడి ఫోనుకి ఎవరో ఒక వీడియో పంపారు. నీలాకాశంలో విమానం పోతోంది. వెనకాల పొడుగ్గా తెల్లని చార. "ఇది పొగ కాదు, విషం. అల్యూమినియం, బేరియం, స్ట్రాన్షియం కలిపి మన నేలల మీద చల్లుతున్నారు. భూమి చచ్చిపోతోంది" అని ఒక గొంతు చెబుతోంది. మావాడు తలెత్తి చూశాడు. ఖర్మకాలి ఆ పూట వాడి చేను మీదుగానే ఒక చార కనబడింది. ఇంకేముంది, రాత్రికి నాకు ఫోను.

"అక్కా, పైనుంచి ఇసం పోస్తాండారంట. ఇంగ మనమేం జేసినా ఫలం లేదు. చేను దున్నేసి కౌలుకిచ్చేస్తా" అన్నాడు.

వాడికి ఆ రెండెకరాలే ఆధారం. ఆడపిల్ల కాలేజీ ఫీజు ఆ కాయల మీదే కట్టాలి. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, శాస్త్రవేత్తను కాను. అయినా బియ్యాన్ని చేటలో పోసి చెరిగి, రాయి ఏరి గాని ఎసట్లో వేయం కదా మనం! మాటను మాత్రం చెరక్కుండా ఎందుకు మింగాలి అనిపించింది. "నాలుగు రోజులు ఆగరా, నాగలి కట్టకు" అని చెప్పి, తెలిసినవాళ్ళను అడిగి, చదివి తెలుసుకున్నవి ఈ పూట మీతో పంచుకుంటున్నాను.

ముందు ఈ మాట పుట్టుక చూద్దాం. ఇది మన ఊళ్ళలో పుట్టింది కాదు. 1996లో అమెరికా వైమానిక దళంవారి విద్యాసంస్థలో కొందరు అధికారులు, 2025 నాటికి వాతావరణాన్ని యుద్ధంలో ఎలా వాడుకోవచ్చునో ఊహించి ఒక వ్యాసం రాశారు. అది ఊహ మాత్రమే. కాని దాన్ని పట్టుకుని "ఇప్పటికే చల్లుతున్నారు" అనే ప్రచారం 1990ల చివరలో అక్కడ రేడియోల్లో, ఇంటర్నెట్టులో బయలుదేరింది. కాలిఫోర్నియాలోని రెడ్డింగ్ పట్టణంలో 2014లో జిల్లా పాలకుల ముందు దీని మీద పెద్ద విచారణ సభే జరిగింది. మా మట్టిలో, మా వాననీటిలో అల్యూమినియం కనబడింది చూడండని జనం కాగితాలు తెచ్చి చూపారు. ఆ మాటే భాష మార్చుకుని మా తమ్ముడి ఫోనుదాకా వచ్చింది.

ఇంతకీ ఆ చార ఏమిటి? చలికాలం తెల్లవారుజామున నోటితో ఊపిరి వదిలితే తెల్లగా పొగలా కనిపిస్తుంది, చూశారు కదా. అది పొగ కాదు, మన ఊపిరిలోని తేమే. విమానం పోయేది పది కిలోమీటర్ల ఎత్తున. అక్కడ చలి సున్నాకు దిగువన 40 డిగ్రీలు, ఇంకా ఎక్కువ కూడా. ఒక కిలో విమాన ఇంధనం కాలితే సుమారు కిలోంబావు నీటి ఆవిరి పుడుతుంది. వేడివేడిగా ఇంజను వదిలిన ఆ ఆవిరి బయటి చలికి చప్పున గడ్డకట్టి సన్నని మంచు రవ్వలవుతుంది. మనకు కనిపించే తెల్లచార ఆ మంచే.

"మరి ఒక్కోరోజు చిటికెలో మాయమవుతుంది, ఒక్కోరోజు గంటల తరబడి ఉండి మబ్బులా పరుచుకుంటుందే! రెండో రకంలోనే మందు కలుపుతున్నారు" అంటారు. ఎండాకాలం దండెం మీద వేసిన చీర గంటలో ఆరిపోతుంది. ముసురు పట్టిన రోజు సాయంత్రానికి కూడా ఆరదు. చీరలో తేడా లేదు, గాలిలో ఉన్నది. పైనా అంతే. పైగాలి పొడిగా ఉంటే చార ఇట్టే ఆరిపోతుంది, చెమ్మగా ఉంటే నిలిచి పరుచుకుంటుంది. ఈ చారలు రెండో ప్రపంచయుద్ధం నాటి ఫోటోలలోనే ఉన్నాయి. ఏ ఎత్తున, ఎంత చలిలో చార కడుతుందో ఆపిల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1953లోనే లెక్కకట్టి పట్టిక వేశారు. విషం కథ పుట్టడానికి నలభై ఏళ్ళకు పైగా ముందే చార ఉన్నదన్నమాట.

ఇక అసలు విషయం మట్టి. "పరీక్ష చేయిస్తే అల్యూమినియం దొరికింది" అనే మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. నాకూ అలాగే అయింది. కాని దొరక్కపోతేనే ఆశ్చర్యపడాలట! భూమి పైపొరలో ఆక్సిజన్, సిలికాన్ తరవాత మూడోస్థానం అల్యూమినియానిదే. బంకమట్టి అంటేనే అల్యూమినియం, సిలికాన్ కలిసిన పదార్థం. మనం నీళ్ళు పోసుకునే కుండలో, గోడ కట్టిన ఇటుకలో అది ఉన్నది. విశాఖ మన్యంలోని బాక్సైటు కొండల సంగతి పేపర్లలో చదివే ఉంటారు, అది అల్యూమినియం ఖనిజమే.

లెక్క వేసి చూడండి. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. కిలో మట్టిలో సగటున 70 గ్రాముల అల్యూమినియం ఉంటుంది. అంటే మా తమ్ముడి ఒక్కో ఎకరంలో 60 వేల కిలోల అల్యూమినియం, వాళ్ళ తాతల కాలంనుంచి, ఇంకా వెనకటినుంచీ ఉన్నది. ఒక విమానం 20 టన్నులు మోసుకొచ్చి మొత్తం ఆ ఎకరంలోనే కుమ్మరించినా, అప్పటికే ఉన్నదానిలో మూడోవంతు మించదు. బేరియం, స్ట్రాన్షియం కూడా మామూలు మట్టిలో కిలోకు వందల మిల్లీగ్రాముల లెక్కన ఉంటాయి. డాబా మీద గిన్నె పెట్టి వాననీళ్ళు పడితే, అందులో పడిన దుమ్ములోనూ ఇవే ఉంటాయి.

అన్నట్టు, పది కిలోమీటర్ల ఎత్తునుంచి సన్నని పొడి వదిలితే అది కింది చేలో రాలదు. గాలి దాన్ని వందల కిలోమీటర్లు మోసుకుపోతుంది. పంటకు మందు కొట్టే విమానాలు పైరుకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే పోవడం అందుకే.

"ఇంత అల్యూమినియం ఉంటే పైరు బతుకుతుందా?" అని అడగవచ్చు. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉన్నది. నేలలో ఉండటం వేరు, వేరుకు అందటం వేరు. అడుగున పంచదార ఉన్నా చెంచాతో కలిపితేగాని కాఫీ తియ్యనవదు కదా! అల్యూమినియం మట్టిలో గట్టిగా బిగిసి ఉంటుంది. నేల పులుపెక్కి, ఉదజని సూచిక, అదే పి.హెచ్., అయిదున్నరకు దిగువకు పోతేనే అది కరిగి వేళ్ళను దెబ్బతీస్తుంది. వానలెక్కువ పడే పుల్లని నేలల్లో అది నిజమైన బాధే. దానికి మందు సున్నం. అలాంటి నేలను ఇష్టపడి, అల్యూమినియాన్ని ఆకుల్లో దాచుకుని కూడా హాయిగా పెరిగే తేయాకు చెట్టు ఉండనే ఉన్నది. మా తమ్ముడి నేల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు, చెబుతాను.

పెద్దవాళ్ళేమన్నారు? 2016లో వెలువడిన ఒక సర్వేలో ఈ రంగంలో పనిచేసే 77 మంది శాస్త్రజ్ఞులను అడిగారు. రహస్యంగా చల్లుతున్నట్టు మీకేమైనా ఆధారం కనబడిందా అంటే 76 మంది లేదన్నారు. మిగిలిన ఒక్కరి మాటా చెప్పాలి, దాచకూడదు. నేలలో బేరియం తక్కువగా ఉన్న మారుమూల ప్రాంతంలో, గాలిలో మాత్రం అది ఎక్కువగా కనబడిందని ఆయన అన్నారు. కనబడింది నిజమే కావచ్చు, విమానమే చల్లిందని దానితో రుజువు కాదు.

అలాగని ఆకాశంలోంచి ఎవరూ ఎన్నడూ ఏమీ చల్లలేదని నేనంటే అదీ అబద్ధమే. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయలసీమలో మేఘమథనం చేయించింది. విమానాలతో మబ్బుల్లో రసాయనాలు వేయించింది. అది చాటుగా జరగలేదు, పేపర్లలో వచ్చింది, ఖర్చు లెక్కలు వచ్చాయి. ఎండ తీవ్రత తగ్గించడానికి పైగాలిలో పొడి చల్లితే ఎలా ఉంటుందన్న ఆలోచనా ఉన్నది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు దాని మీద చిన్న ప్రయోగం తలపెట్టి, అభ్యంతరాలు వచ్చాక 2024లో మానుకున్నారు.

వీటన్నిటికంటే గుర్తుంచుకోవలసింది కేరళలోని కాసరగోడు. అక్కడ ప్రభుత్వ సంస్థ జీడిమామిడి తోటల మీద 1970ల చివరినుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించారు. చుట్టూ బావులున్నాయి, ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. అంతుచిక్కని జబ్బులతో, అవిటితనంతో బిడ్డలు పుడుతున్నారని తల్లులు మొరపెట్టుకున్నారు. వ్యవసాయశాఖలో పనిచేసే లీలాకుమారి అమ్మ అనే ఆవిడ 1998లో కోర్టుకెక్కారు. చివరికి 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతా ఆపించింది. 2017లో బాధితులకు తలా అయిదు లక్షల రూపాయలు ఇమ్మన్నది.

చూశారా తేడా! కాసరగోడులో మందు పేరు తెలుసు, చల్లినవారు తెలుసు, చల్లిన తోట తెలుసు. నిలదీయడానికి ఒక ఆఫీసు, ఒక రికార్డు, ఒక కోర్టు ఉన్నాయి. తెల్లచార కథలో ఇవేవీ లేవు. ఎవరిని అడగాలో తెలియదు కాబట్టి భయపడి ఊరుకోవడమే మిగులుతుంది. ఆ కథతో వచ్చే నష్టమల్లా ఇదే. పది కిలోమీటర్ల పైనున్న చారను చూస్తూ, పక్క చేలో పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తున కొట్టే మందును మరచిపోతాం.

మన హిందూపురం, కదిరి ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే అక్కచెల్లెళ్ళను అడగండి. పక్క చేలో కొట్టిన పురుగుమందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులు తట్టల్లోనే చచ్చి పడతాయి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. మన ఆడవాళ్ళే వాటిని నడుపుతున్నందుకు సంతోషం. కాని ఏ మందు, ఏ మోతాదు, గాలి ఎటు వీస్తోంది, దగ్గరలో బావి, మల్బరీ తోట, పశువుల కొట్టం ఉన్నాయా అని అడిగే బాధ్యత కూడా మనదే. కొట్టే ముందురోజు ఇరుగుపొరుగుకి ఒక మాట చెబితే సొమ్మేం పోదు.

ఇక మా తమ్ముడి చేను సంగతి. నా పోరు పడలేక మట్టి పరీక్షకు ఒప్పుకున్నాడు. గట్లు, చెట్ల నీడ, పెంట పోసిన చోటు వదిలేసి, చేలో పదిచోట్ల ఆరంగుళాల లోతున గుంట తీసి మట్టి తీశాడు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చి, వ్యవసాయాధికారికి ఇచ్చాడు. ఆయన మట్టితోపాటు ఒక మొక్కను కూడా చూశారు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం మాత్రం పసుపు తిరిగింది. మట్టి పి.హెచ్. 8.4, సున్నం పాలు ఎక్కువ. "ఇది ఇనుపధాతు లోపం. నేలలో ఇనుము ఉన్నది, సున్నం దాన్ని వేరుకు అందనివ్వడం లేదు. పైగా మీరు నీళ్ళూ ఎక్కువ పెట్టారు" అన్నారు. మళ్ళీ అదే మాట చూడండి, ఉండటం వేరు, అందటం వేరు!

ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, 200 లీటర్ల నీటిలో కలిపి వారం ఎడంతో రెండుసార్లు కొట్టమన్నారు. కొట్టాడు. కొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా వచ్చాయి. బంగారం పండిందని చెప్పను. పైకి చూస్తూ పోగొట్టుకున్న పది రోజులకు కాపు కొంత తగ్గింది. కాని చేను నిలిచింది, పిల్ల ఫీజు కట్టాడు.

కాబట్టి సోదరీమణులారా, ఈసారి ఇలాంటి వార్త వస్తే నాలుగు ప్రశ్నలు వేయండి. ఏమి చల్లారు? ఎంత చల్లారు? మామూలుగా నేలలో ఎంత ఉంటుంది? మొక్కకు అందేదెంత? జవాబు దొరికేదాకా ఆ వీడియో ఇంకొకరికి పంపకండి. మీ చేలో ఆకు రంగు మారితే మటుకు ఆలస్యం చేయకుండా అరకిలో మట్టి, ఒక మొక్క పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళండి.

మొన్న మళ్ళీ మా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఈపొద్దు గూడా పైన చార ఉండాది" అన్నాడు. "ఉండనీరా. ఆకులెట్లున్నాయి?" అన్నాను.

"పచ్చగుండాయక్కా" అన్నాడు.

ఉంటాను, సెలవు.